పాయింట్ల మీద కాశీ

మా స్కూలు స్టాఫ్ రూంలో ఈ మధ్య ఒక కొత్త మాస్టారు ఫోన్లో ఏదో ప్రకటన చూస్తూ, "ఏడాదికి ముప్పై వేలు ఫీజు కట్టి తీసుకునే క్రెడిట్ కార్డు నిజంగా పనికొస్తుందా మేడం?" అని అడిగాడు. నేను లెక్కల టీచరును కాబట్టి కాగితం తీసి కూడికలు, తీసివేతలు చేసి చూపిస్తాననుకున్నాడు పాపం. నేను కాగితం తీయలేదు. "మీ ఇంట్లో మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఉన్నారా?" అని ఎదురు ప్రశ్న వేశాను. ఆయనకు అర్థం కాలేదు. గంట కొట్టేశారు, నేను క్లాసుకు వెళ్ళిపోయాను. అప్పుడు చెప్పలేకపోయింది ఇప్పుడు చెబుతాను.

మాది హిందూపురం. నేను పెనుకొండలో పాఠాలు చెబుతాను, రోజూ బస్సులో పోయి వస్తాను. మా ఆయనకు హిందూపురంలోనే చింతపండు మండీ. ఆయన మా అమ్మకు సొంత తమ్ముడు. మేనమామను చేసుకోవడం మా వైపు వింతేమీ కాదు. అందుకే మా అమ్మ ఆయనకు అత్తగారైనా ఆయన నోట ఏనాడూ "అత్తా" అన్న మాట రాలేదు. చిన్నప్పుడు చంకనెత్తుకుని తిప్పిన అక్క, అన్నం కలిపి నోట్లో పెట్టిన అక్క, పెళ్ళయ్యాక కూడా అక్కే. నాయన పోయాక అమ్మ చెన్నేకొత్తపల్లి దగ్గరున్న చేను కౌలుకిచ్చేసి మా ఇంటికి వచ్చేసింది. తమ్ముడిల్లు అనుకుంటే తమ్ముడిల్లు, కూతురిల్లు అనుకుంటే కూతురిల్లు. పొద్దున్నే వసారాలో కూర్చుని చింతపండులో గింజలు తీసేది. వద్దన్నా వినేది కాదు.

ఇట్లా హాయిగా ఉన్న ఇంట్లోకి ఆ కార్డు రావడానికి కారణం ఒక మోత. పక్క మండీలో మిరపకాయల వ్యాపారి ఒకాయన ఉన్నాడు. ఆయనా మా ఆయనా ఒకసారి పనిమీద బెంగళూరు పోయారు. అక్కడ ఏదో పెద్ద హోటల్లో తిన్నాక మిరపకాయలాయన జేబులోంచి ఒక నల్లటి కార్డు తీసి బల్ల మీద పడేశాడట. అది ప్లాస్టిక్ కాదట, లోహమట, ఠంగుమని మోగిందట. సర్వరు వంగి రెండు చేతులతో తీసుకున్నాడట. అంతే, మా ఆయనకు ఆ మోత చెవుల్లో ఉండిపోయింది. ఆ హోటల్లో తిన్నదేమిటని అడిగితే మాత్రం గుర్తు లేదన్నాడు.

మండీ లెక్కలు చూసి బ్యాంకువాళ్ళు కార్డు ఇచ్చేశారు. ఫీజు ముప్పై వేలు, దాని మీద పన్ను వేరే. "ముప్పై వేలు దేనికి?" అంటే, "ఊరికే ఎవురికి పడితే వాళ్ళకు ఇయ్యకుండా ఉండేదానికి" అన్నాడు. అంటే ఇతరులకు దొరకకుండా ఉండటానికి తను డబ్బు కట్టడమన్నమాట. ఇంత తెలివైన వ్యాపారం చింతపండులో కూడా నేను చూడలేదు.

కార్డు వచ్చిన పెట్టె పట్టుచీర పెట్టెంత ఉంది. తెరిస్తే లోపల నల్లటి గుడ్డ, గుడ్డ మీద కార్డు, దాని కింద దాన్ని పొగుడుతూ రాసిన చిన్న పుస్తకం. అమ్మ గింజలు తీస్తున్న చేతులు కడుక్కుని వచ్చి తొంగి చూసింది.

"ఇంత పెట్టెలో ఇంతేనా ఉండేది?"

"బరువు చూడక్కా. మామూలోళ్ళ కార్డు మాదిరి గాదు, లోహంది."

"ఇనుముదైతే తుప్పు పడతాది, తడి చేత్తో ముట్టుకోవాకు" అని చెప్పి, నా వైపు తిరిగి, "కొత్త వస్తువు ఇంట్లోకి వచ్చుండాది, పసుపూ కుంకుమా పెట్టే. నేను పెట్టగూడదు గదా" అంది.

మా ఇంట్లో తక్కెడ వచ్చినా, మోటారు సైకిలు వచ్చినా, ఫ్రిజ్జు వచ్చినా బొట్టు పెట్టందే వాడరు. కార్డు ఏం పాపం చేసింది? అయితే ఎక్కడ పెట్టాలో తెలియలేదు. అమ్మే చూపించింది. "ఆ బంగారు బిళ్ళ మింద పెట్టు, అదే దాని మొగం." కుంకుమను నీళ్ళతో కలిపి ఆ మెరిసే చదరం మీద నిండుగా బొట్టు పెట్టించింది. దాన్నే చిప్ అంటారని, కార్డుకు ప్రాణమంతా అందులోనే ఉంటుందని మా ఆయనకు తెలుసు. కానీ అక్క ముచ్చట పడుతుంటే ఆపలేదు. దేవుడి గూట్లో పెట్టి హారతి కూడా ఇచ్చాం.

ఆ హారతి కళ్ళకద్దుకుంటూ మా ఆయన ఒక మాట అన్నాడు. ఆ మాట అనకుండా ఉంటే ఈ కథే లేదు.

"అక్కా, దీంతో ఖర్చు పెట్టేకొద్దీ పాయింట్లు వస్తాయి. ఆ పాయింట్లతో నిన్ను ఇమానంలో కాశీకి పిల్చకపోతా. మన దుడ్లు ఒక్క రూపాయి గూడా పోదు."

కాశీకి పోవాలని అమ్మకు నాయన ఉన్నప్పటి నుంచీ కోరిక. వేరుశనగ చేతికొచ్చిన ఏడు పోదామనుకునేవాళ్ళు. మా వైపు వేరుశనగ చేతికి రావడం, కాశీ పోవడం రెండూ ఒకలాంటివే. నాయన పోయాక ఆ కోరిక ఆమెలో ఇంకా గట్టిపడింది గానీ, అప్పటికే మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. రైల్లో రెండు రోజులు మడిచిన కాలు మడిచినట్టు కూర్చోవాలంటే భయం. విమానమంటే పొద్దున ఎక్కి మధ్యాహ్నానికి దిగొచ్చు. ఆ మాట వినగానే ఆమె ముఖం వెలిగింది. వెంటనే ఏదో గుర్తొచ్చినట్టు చిన్నబోయింది.

"టిక్కెట్టు దుడ్లు ఎవురు కడతారబ్బా?"

"బ్యాంకోళ్ళే కడతారు."

"అట్లయితే పుణ్యం బ్యాంకోళ్ళకు పోతాది గదరా."

మా ఆయన పగలబడి నవ్వాడు. నేను నవ్వలేదు, ఆమె అడిగినదాంట్లో తప్పేముంది? తీర్థానికి ఎవరి డబ్బు పెడితే పుణ్యం వాళ్ళదని మా పెద్దవాళ్ళందరి నమ్మకం. అందుకే ఎవరైనా తిరుపతికి పోతుంటే ఇరుగుపొరుగు తలా ఒక రూపాయి చేతిలో పెట్టి, మా పేరున హుండీలో వేయమంటారు. డెబ్బై ఏళ్ళు వచ్చాక, మోకాళ్ళు ఈడ్చుకుంటూ గంగలో మునిగి, ఆ పుణ్యాన్ని ఏ ఊరో తెలియని బ్యాంకు ఖాతాలో జమ చేసి రావడం ఆమెకు నచ్చలేదు. ఆ సాయంత్రమంతా ఆలోచించింది. చివరికి ఆమే దారి కనిపెట్టింది.

"ఆ కార్డుకు ఫీజు కట్టేది నువ్వే గదా. అట్లయితే పుణ్యం నీకు సగం, నాకు సగం. నా తమ్మునికి పోతే పోనీలే."

అంత ప్రేమతో ఒప్పుకుంది. మరుసటి రోజుకల్లా వీధిలో అందరికీ తెలిసిపోయింది. "మా తమ్ముడు నన్ను ఇమానంలో కాశీకి పిల్చకపోతాండాడు" అని పాలుపోసే ఆమెకు, పూలామెకు, గ్యాసు బండ తెచ్చే అతనికి కూడా చెప్పింది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఇక పాయింట్ల వేట మొదలైంది. మండీలో కార్డు చెల్లదు. చింతపండు తెచ్చే రైతు చేతిలో నోట్లు పడితేనే బండి తిప్పుకుని పోతాడు, ఠంగుమని మోగే కార్డు చూపిస్తే మనల్నే ఎగాదిగా చూస్తాడు. కాబట్టి ఇంటి ఖర్చుల మీదనే పాయింట్లు పండించాలి. ఉన్న టీవీ బాగానే ఉండగా ఇంకొకటి వచ్చింది. నడిచే మిషను వచ్చింది. దాని మీద ఎవరూ నడవలేదు, దాని పిడికి మా అమ్మ రవికెలు ఆరేసేది. చుట్టాల్లో ఎవరేం కొన్నా మా ఆయన వెంటబడి, "నా కార్డు మింద కొట్టిస్తా, మీరు నాకు దుడ్లు ఈయండి" అని బతిమాలేవాడు. లక్షల వ్యాపారం చేసే మనిషి మిక్సీ కొనే బంధువుల ముందు చేతులు కట్టుకుని నిలబడటం చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఆ కార్డు దర్జా కోసమని పుట్టిందట!

అన్నిటికంటే పెద్ద వేట మా ఆయన పెద్దన్న కూతురి పెళ్ళి చీరలు. ధర్మవరంలో పట్టుచీరలు కొనాలి, కార్డు మీదే కొనాలని మా ఆయన అన్నను నెల రోజులు నమిలాడు. మంచి ఘడియ చూసుకుని పొద్దున్నే పోయాం. అప్పుడే దుకాణం తెరిచి, తెల్లటి పరుపులు దులిపి, ఊదొత్తులు వెలిగించారు. మాదే మొదటి బేరం. ముందు తాళిచీర ఎంచాం. మా ఆయన మీసం సవరించుకుని కార్డు తీసి గల్లాపెట్టె మీద వేశాడు. ఠంగుమంది. దుకాణాదారు అటు చూడను కూడా చూడలేదు.

"బోణీకి కార్డు వద్దప్పా. చేతిలో దుడ్లు పెట్టండి. తర్వాత మీరేమన్నా గీక్కోండి" అన్నాడు.

నేను పర్సులోంచి ఒక నోటు తీసి ఇచ్చాను. ఆయన దాన్ని కళ్ళకద్దుకుని గల్లాలో వేసుకున్నాడు. కార్డుకు అది మొదటి అవమానం. తర్వాత మిషన్లో పెడితే, అది చిప్ చదవలేనంది. తీసి పెట్టారు, తిప్పి పెట్టారు. చదవలేనంది. చూస్తే చిప్ మీద మా ఇంటి కుంకుమ గట్టిగా అంటుకుని ఉంది. ఆ కార్డును బొట్టుతో సహా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు మా ఆయన, అక్క పెట్టించిన బొట్టు తీయడానికి మనసొప్పక. అప్పటి దాకా పెద్దవన్నీ ఫోన్లో నంబరు కొట్టి కొన్నవి, దుకాణాల్లో కట్టినవి కార్డు తాకిస్తే సరిపోయే చిన్న బిల్లులు కాబట్టి సంగతి బయటపడలేదు.

దుకాణాదారు ఒక గుడ్డ తీసుకుని తుడవబోయాడు. పెళ్ళికూతురి తల్లి, అంటే నా తోడికోడలు, కెవ్వుమంది.

"పెండ్లి చీరలకు వచ్చి కుంకుమ తుడుస్తారా ఎవురైనా? పెట్టు ఆ గుడ్డ కింద!"

దుకాణాదారు నాలుక కరుచుకుని గుడ్డ కింద పెట్టేశాడు. ఇక ఎవరూ తుడవరు. మా ఆయన తుడవడు, నేను తుడవను, దుకాణంలో పనిచేసే ఆడవాళ్ళు ఇద్దరూ ఆమడ దూరం జరిగారు. మిషను మాత్రం చిప్ కావాలంటుంది. ఇంత పెద్ద బ్యాంకు, ఇంత పెద్ద కార్డు, ప్రపంచంలో ఎక్కడైనా చెల్లుతుందని పుస్తకం నిండా రాసుకున్నారు గానీ, పెళ్ళివారి ముందు కుంకుమ తుడవకూడదన్న సంగతి వాళ్ళకెవరూ చెప్పినట్టు లేదు. చివరికి తోడికోడలే చిటికెన వేలు నీళ్ళలో ముంచి, కార్డు మీది కుంకుమను వేలికి ఎత్తుకుని తన కూతురి నుదుట పెట్టింది, మిగిలింది తన తాళికి అద్దుకుంది. తుడిచినట్టు కాదు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోయినట్టు. అప్పుడు చదివింది మిషను.

చదివాక దుకాణాదారు నెమ్మదిగా, "కార్డుకు నూటికి రెండు ఎక్కువ పడతాది" అన్నాడు. మాకొచ్చే పాయింట్ల విలువ అందులో సగం కూడా లేదు. నేను మా ఆయన ముఖం చూశాను. ఆయన నా ముఖం చూడలేదు. పైగా అన్న దగ్గర ఆ ఎక్కువ అడగలేక తనే భరించాడు.

ఇదంతా చాలదన్నట్టు లాంజి ఒకటి. ఈ కార్డు ఉంటే విమానాశ్రయంలో మెత్తటి కుర్చీల్లో కూర్చుని ఉచితంగా తినొచ్చట. ఒకసారి హైదరాబాదులో పని పడింది. రాత్రి రైలెక్కితే పడుకుని లేచేసరికి ఊరొస్తుంది. మా ఆయన ఆ రైలు మానేసి, బెంగళూరు దాకా టాక్సీకి డబ్బులిచ్చి, విమానానికి డబ్బులిచ్చి, ఆ లాంజిలో ఉచితంగా ఇడ్లీ తిని వచ్చాడు. ఎట్లా ఉందని అమ్మ అడిగింది. "రొంత గట్టిగా ఉండె గానీ గాజు గిన్నెలో పెట్టిచ్చినారక్కా" అన్నాడు. అంత ఖరీదైన ఉచిత ఇడ్లీ హిందూపురం చరిత్రలో ఇంకెవరూ తినలేదు.

ఏడాది గడిచింది. మళ్ళీ ముప్పై వేలు కట్టాడు. "కాశీ ఎప్పుడబ్బా?" అని అమ్మ అడిగితే, "ఇంక రొంతే ఉండాదక్కా, పాయింట్లు సరిపోతానే" అన్నాడు. ఒకసారి సరిపోయాయి కూడా. అప్పుడు ఎండలు ఎక్కువన్నాడు. ఇంకోసారి మండీకి సరుకు వచ్చే కాలమన్నాడు. అసలు సంగతి నాకు తెలుసు. ఆ పాయింట్లు పెరుగుతుంటే చూసుకోవడం ఆయనకు ఇష్టం. ఖర్చయిపోతే మళ్ళీ సున్నా కనిపిస్తుంది. పిసినారి కాదు నా మొగుడు, అక్కకు ప్రాణమైనా ఇస్తాడు. కానీ పాయింట్లు ఇవ్వడానికి చేతులు రాలేదు. అరచేతిలో వైకుంఠం చూపించేవాళ్ళను చూశాను గానీ, ఆ వైకుంఠాన్ని తనే తిప్పి తిప్పి చూసుకుని మురిసిపోయేవాణ్ణి ఆయనలోనే చూశాను.

రెండో ఏడు అమ్మను ఒక రోజు పెనుకొండకు తీసుకెళ్ళాను. మా స్కూల్లో పిల్లల ఆటపాటలున్నాయి, చూస్తానంది. అయ్యాక కొండ కింది గుడికి పోయాం. మెట్లు ఎక్కువేమీ లేవు. దిగేటప్పుడు ఆమె మోకాలు పట్టేసింది. కాలు కింద పెట్టలేదు, ఎత్తలేదు. రాయి మీద కూలబడి పళ్ళు బిగించుకుని కళ్ళు మూసుకుంది.  మా ఆయనకు ఫోన్ చేసి, కారు తీసుకుని రమ్మన్నాను.

"ఆడ్నే ఉండండి. నేను వచ్చేలోపల గంట పడతాది. కార్డుకు ఒక సేవ ఉండాది, ఫోన్ చేస్తే ఏమి కావాలన్నా పంపిస్తారు" అన్నాడు.

ఆ సేవ వాళ్ళు నాకే ఫోన్ చేశారు. ఒక అమ్మాయి, గొంతు తేనె. మొదట పెనుకొండ ఏ రాష్ట్రంలో ఉందని అడిగింది. చెప్పాను. దగ్గరలో ఏ విమానాశ్రయం ఉందని అడిగింది. అమ్మ నొప్పితో మూలుగుతుంటే నేను ఆ అమ్మాయికి భూగోళం చెబుతున్నాను. చివరికి, ఆ ప్రాంతానికి తమ సేవలు లేవని, కావాలంటే బెంగళూరులో మంచి హోటల్లో రాత్రి భోజనానికి బల్ల ఏర్పాటు చేస్తానని చెప్పింది. నేను అన్న మాట ఇక్కడ రాయలేను, టీచరును.

టమోటా బుట్టలు దింపి ఖాళీగా వస్తున్న ఆటో ఒకటి ఆగింది. "ఏమవ్వా, కాలు పట్టుకునిందా?" అని అడిగి, ఆటోవాడు ఆమెను పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి వెనక కూర్చోబెట్టాడు.

డాక్టరు ఎక్స్‌రే తీసి చూసి గుజ్జు అరిగిపోయిందన్నాడు. ఇంకా అరుగుతుందన్నాడు. పోయేదేదో నడవగలిగినప్పుడే పోయి రావాలని కూడా అన్నాడు. ఇంటికి రాగానే నేను మా ఆయన మీద పడ్డాను. ఇంట్లో ముసలామె మోకాలికి దిక్కు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె అన్నాను. పాయింట్లు గంగలో కలవనీ, డబ్బులు పెట్టి టికెట్టు కొనమన్నాను. ఆయన తల ఊపాడు. "ఈ నెలాఖరుకు ఖాయం" అన్నాడు.

నెలాఖరుకు బ్యాంకు నుంచి సందేశం వచ్చింది. తమ గౌరవనీయ ఖాతాదారుల అనుభవాన్ని మరింత మెరుగుపరచడానికి పాయింట్ల విలువ సవరించామని. లెక్క చూస్తే, నిన్నటి దాకా టికెట్టుకు సరిపోయినవి ఇవాళ సగం టికెట్టుకు వస్తున్నాయి. మెరుగుపరచడమంటే ఇదీ. ఇంత అన్యాయం మా మండీలో చేస్తే, తక్కెడ పైకెత్తి తల మీద కొడతారు. మా ఆయనకు రోషం వచ్చింది. కార్డు తీసేశాడా? లేదు. పోయిన పాయింట్లను మళ్ళీ సంపాదించి తీరతానన్నాడు. మూడో ఏడు ఫీజు కూడా కట్టాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికెవడో.

అమ్మ ఇక అడగడం మానేసింది. పాలామె, "ఇమానం యాడికొచ్చె?" అని ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకునేది. తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు, నన్ను అననివ్వలేదు. 

ఒక రోజు నేను స్కూలు నుంచి వచ్చేసరికి అమ్మ సంచి సర్దుకుంటోంది. ధర్మవరంలో ఉండే మా పెద్దమ్మ కూతురు, ఆమె భజన గుంపులో ఆడవాళ్ళు కలిసి రైల్లో కాశీకి పోతున్నారట. అమ్మ కౌలు డబ్బులతో తనూ టికెట్టు తీయించుకుంది. మాకు చెప్పకుండా. రేపే ప్రయాణం.

"ఈ మోకాళ్ళతో రైల్లోనా? ఎట్ల పోతావమ్మా?"

"ఇంకో ఏడు కూర్చుంటే ఇవి గూడా ఉండవు. నా చేని దుడ్లు, నా పుణ్యం. మీ మామకు నేను చెప్తాలే, నువ్వు నోరు తెరవాకు." పెళ్ళై ఇన్నేళ్ళయినా నా దగ్గర ఆమె మా ఆయన్ని "మీ మామ" అనే అంటుంది.

ధర్మవరం స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద భజన ఆడవాళ్ళు సంచుల మీద కూర్చుని పులిహోర పొట్లాలు పంచుకుంటున్నారు. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడు ఒకటే అనే కాలం పోయి, అందరూ పెళ్ళికి పోతున్నట్టున్నారు. మా ఆయన ఒక్కడే ముఖం వేలాడేసుకుని, "అక్కా, ఇంక ఆరు నెల్లు ఆగరాదా?" అని వెంట తిరుగుతున్నాడు. రైలు వచ్చింది. పెట్టె మెట్లు ఎత్తుగా ఉన్నాయి. పైనుంచి ఇద్దరు ఆడవాళ్ళు ఆమె చేతులు పట్టుకుని లాగారు, కింద నుంచి మా ఆయన రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. ఆమె మోకాలు వణకడం ఆయన చేతులకు తెలిసింది. రైలు పోయాక కూడా ఆ చేతులను చూసుకుంటూ నిలబడ్డాడు. 

మరుసటి రోజు మండీకి పోలేదు. కాశీ నుంచి బెంగళూరుకు తిరుగు ప్రయాణానికి విమానం టికెట్టు కొన్నాడు. పాయింట్లతో కాదు, నేరుగా డబ్బు కట్టి. తోడుగా మా పెద్దమ్మ కూతురికి కూడా కొన్నాడు. అమ్మ కాశీ చేరి, గంగాస్నానం చేసిన పూట ఫోన్ చేశాడు. నేను వినాలని స్పీకరు పెట్టాడు. గొంతులో మూడేళ్ళ తర్వాత మొదటిసారి నిజమైన సంతోషం వినిపించింది.

"అక్కా, వచ్చేటప్పుడు ఇమానంలో వస్తావు. టిక్కెట్టు ఏసినా."

అవతల గంటల మోత, జనం గోల. మధ్యలో అమ్మ గొంతు.

"పొద్దున్నే ఇడిసిపెట్టినా గదరా అబ్బా."

కాశీలో గంగలో మునిగినవాళ్ళు తమకు ఇష్టమైనది ఏదో ఒకటి అక్కడే వదిలేసి రావాలి. ఇక జీవితంలో దాన్ని ముట్టకూడదు. మావాళ్ళు చాలామంది కాకరకాయో, చేదు పొట్లకాయో వదిలేసి వస్తారు, దేవుడికి తమ నాలుక సంగతి తెలియదనుకుని.

"ఏమిడిసిపెట్టినావు?"

"కాకరకాయ ఇడుద్దామనుకుంటి. నాకు ఇష్టం ల్యానిది ఇడిస్తే ఏం పుణ్యం అనిపిచ్చె. దేనిమింద ఆశ ఉండాదా అని చూసుకుంటే ఆ ఇమానమే కనిపిచ్చె. దాన్నే ఇడిసిపెట్టినా. ఇంక ఎక్కగూడదు."

"అక్కా, ఈతూరి పాయింట్లు గాదు. నా దుడ్లు పెట్టి ఏసినా."

"ముందే అట్ల ఏసింటే ఎక్కుతాంటి గదరా" అంది. కోపంగా అనలేదు. చిన్నప్పుడు తమ్ముడికి అన్నం పెడుతూ కబుర్లు చెప్పినట్టే చెప్పింది. తర్వాత నీళ్ళు మంచి చల్లగా ఉన్నాయని, తన పేరూ మా నాయన పేరూ చెప్పుకుని మునిగానని చెప్పింది.

తిరిగి రైల్లోనే వచ్చింది. ధర్మవరంలో దిగేసరికి రెండు కాళ్ళూ వాచి, చెప్పులు పట్టలేదు. మా ఆయన ఆమెను ఎత్తుకునే కారు దాకా తెచ్చాడు. ఒకప్పుడు ఆమె చంకలో తిరిగినవాడు. ఆ తర్వాత అమ్మ గడప దాటి ఎక్కడికీ పోలేదు, పోలేకపోయింది. నాకు ఆ కార్డు మీద, దాని మోత మీద, దానికి లొంగిపోయిన నా మొగుడి మీద కోపం ఇప్పటికీ పోలేదు. పోవాలని కూడా లేదు.

నాలుగో ఏడు ఫీజు గడువు వచ్చినప్పుడు కార్డు వద్దని ఆయనే బ్యాంకుకు ఫోన్ చేశాడు. అమ్మ వసారాలో కాళ్ళు చాపుకుని చింతపండు గింజలు తీస్తోంది, ఆయన పక్కనే పీట మీద కూర్చున్నాడు. నేను గుమ్మంలో ఉన్నాను. అవతల తేనె గొంతు. పాత కస్టమరు కాబట్టి ఈ ఏడాది ప్రత్యేకంగా బోనస్ పాయింట్లు ఇస్తామని, వాటితో కాశీకి రానూపోనూ విమానం టికెట్టు వస్తుందని చెబుతోంది.

"మా అక్క ఇంక ఇమానం ఎక్కదమ్మా" అన్నాడు మా ఆయన.

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. "పర్వాలేదు సార్, టికెట్ ఎవరి పేరు మీదైనా తీసుకోవచ్చు" అంది.

"నాకు కావల్సింది ఒక్క పేరేనమ్మా" అని ఆయన ఫోన్ కింద పెట్టి, అక్క ముందున్న చింతపండులోంచి కొంచెం తన వైపు లాక్కుని గింజలు తీయసాగాడు.